టీకాల వారి ఎడమ చెయ్యి

టీకాల తిప్పయ్య ఇంటిపేరు లేకుండా పిలిస్తే పలికేవాడు కాదు. వజ్రకరూరు దగ్గరున్న ఆయన ఊరికి నర్సుగా వచ్చిన మొదటిరోజే సువర్ణకు ఈ సంగతి తెలిసివచ్చింది.

బస్సు కండక్టరు చెప్పిన గుర్తులతో ఆయన్ను పోల్చుకుని, "తిప్పయ్యన్నా, ఆస్పత్రి యాడుండాది?" అని అడిగింది. ఆయన వేపపుల్ల నములుతూ మబ్బుల వంక చూశాడు. మళ్లీ అడిగితే ఇంకో మబ్బు వంక చూశాడు. పక్కనున్న గంగప్ప జాలిపడి, "ఇంటిపేరు పెట్టి పిలువమ్మా" అన్నాడు. "టీకాల తిప్పయ్యన్నా!" అనగానే ఆయన చటుక్కున లేచి, ఆమె పెట్టె నెత్తికెత్తుకుని, దారి పొడుగునా కథ చెప్పాడు.

"వందేండ్ల కింద ప్లేగు వచ్చినప్పుడు ఒక దొర కొత్త మందు తెచ్చినాడు. అది పనిచేస్తాదో లేదో ఆయప్పకే తెల్దు. ఊరంతా పారిపోతే మా ముత్తాత ఈరప్ప ఒక్కడే ఎడమ చెయ్యి చాపినాడు. అందుకే మేము టీకాలవాళ్లం. డాక్టర్లు చదివే చదువంతా మా ఎడమ చేతి చలవేనమ్మా!"

"దొర పేరేందన్నా?"

"ఏమో! మా పేరు ఆయప్పకు తెలిసుంటే చాలు."

కూతురి పెళ్లిపత్రికలో ఇంటిపేరును దేవుడి పేరుకన్నా పెద్ద అక్షరాల్లో వేయించిన మనిషి ఆయన. తొలకరికి ఎక్కడెక్కడి జనమో వచ్చి చేలల్లో వంగి వజ్రాలు వెతుకుతుంటే, తిప్పయ్య వాళ్ల మధ్య తిరుగుతూ, "మీలో టీకాలవాళ్లు ఎవరన్నా ఉండారా?" అని వెతికేవాడు. వజ్రాలైనా ఒకటీ అరా దొరికేవి గానీ టీకాలవాళ్లు మాత్రం దొరకలేదు. చెప్పినకొద్దీ కథ పెరిగేది. మొదట్లో ఒక సూది. ఏడాది తిరిగేసరికి మూడు సూదులు. రెండువేల సంవత్సరం వచ్చేసరికి దొర టోపీ తీసి సలాం కూడా కొట్టాడు.

ఆ మరుసటి ఏడే ఊరికి పరిశోధన డాక్టర్లు వచ్చారు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ పిల్లల పళ్లను గారపట్టిస్తోంది, పెద్దల మోకాళ్లను వంచేస్తోంది. నలభైమంది నెత్తురు పరీక్షకిస్తే ఊరి పేరు మంచినీళ్ల పథకానికి రాస్తారు. ఆ డాక్టర్లను రప్పించడానికి సువర్ణ ఆరు నెలలు ఉత్తరాలు రాసింది. తీరా బడి ముందర కుర్చీ వేస్తే ఒక్కరూ కూర్చోలేదు.

"నెత్తురు తీసకపోయి బెంగుళూరులో అమ్ముకుంటారంట. మేమియ్యం" అన్నాడు ఓబిలేష్. ఊరంతా అతని వెనకాలే నిలబడింది.

"పన్నెండు దాకా చూస్తాం. తర్వాత పక్క ఊరికి పోతాం" అన్నాడు పెద్ద డాక్టరు. సువర్ణకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడొచ్చాడు తిప్పయ్య, ఇస్త్రీ చొక్కా ఎడమ చెయ్యి మడుచుకుంటూ. "జరగండప్పా! టీకాలవాళ్లు ఉండంగా మీరెట్ల ముందు కూర్చుంటారు?" అని ఖాళీ కుర్చీని గద్దించి కూర్చున్నాడు. సూది దిగుతున్నంతసేపూ గొంతు చించుకుని కథ చెప్పాడు. ఆ రోజు దొర గుర్రం కూడా ముంగాలెత్తి సలాం కొట్టింది. జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వుల్లోనే ఓబిలేష్, "ఈయప్పకే ఏంగానప్పుడు మాకేమైతాది?" అని చెయ్యి చాపాడు. పన్నెండయ్యేసరికి లెక్క యాభై రెండు.

సువర్ణ సంతోషం పట్టలేక, బిస్కెట్లు తీసుకుని తిప్పయ్యను వెతుక్కుంటూ వెళ్లింది. బడి వెనక గోడనీడలో ఆయన సొమ్మసిల్లి పడున్నాడు. ఆయన అక్క రామలక్ష్మమ్మ మొహాన నీళ్లు చల్లుతోంది.

"ఎప్పుడూ ఇంతేనమ్మా. సూదంటే వీనికి పైప్రాణాలు పైనే పోతాయి."

"మరి మీ ముత్తాత ఈరప్ప..."

"యా ముత్తాత! టీకాలేసేవాళ్లు వస్తే జొన్నల పాతరలో దూరి మూడు దినాలు బయటికి రాలే. ఆయప్పను చూసి ఊరంతా దాక్కునింది. ఆ ఏడు సగమూరు ప్లేగుకు పోయింది. ఎక్కిరించను పెట్టిన పేరమ్మా అది. నిజమే చెప్పరా అంటే ఇంటాడా వీడు? 'దాక్కున్యాడని చెప్తే ఊరు దాక్కుంటాది, చెయ్యి చాపినాడని చెప్తే చాపుతాది కదక్కా' అంటాడు."

తిప్పయ్య ఒక కన్ను తెరిచాడు. "ఊర్లో చెప్పొద్దు తల్లీ."

"చెప్పను, టీకాల తిప్పయ్యన్నా" అంది సువర్ణ. ఆ మనిషి మీద ఆమెకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

పై నెల పక్క ఊళ్లోనూ కుర్చీ ఖాళీగానే ఉంది. ఈసారి సువర్ణే ముందుకొచ్చి గొంతెత్తింది. "వందేండ్ల కింద టీకాల ఈరప్ప ఎడమ చెయ్యి చాపినాడు. ఒకటి కాదు, మూడు సూదులు! దొర టోపీ తీసి సలాం కొట్టినాడు!"

ఆమె వెంట వచ్చి, ఆ ఖాళీ కుర్చీలో కూర్చుని, చొక్కా చెయ్యి మడుచుకుని, అప్పటికే మొహం పాలిపోయిన తిప్పయ్య చిన్నగా దగ్గాడు.

"గుర్రాన్ని మర్సిపోతివి కదమ్మా."