చూద్దాంగారి పన్నుల కాగితాలు

చూద్దాంగారు లోకంలో దేన్నయినా చిటికెలో తేల్చేయగలరు, ఒక్కటి తప్ప. తన పన్నుల కాగితాలు తనే నింపుకోవాలా, డబ్బిచ్చి తెలిసినవాళ్లచేత నింపించుకోవాలా? ఎనిమిదేళ్లుగా అదొక్కటే తెమల్లేదు. గడియారాలు బాగుచేసే ఆ పెద్దాయన అసలు పేరు వీధిలో అందరూ ఎప్పుడో మరిచిపోయారు.

పన్నుల కాలం రాగానే ఫైలు చంకన పెట్టుకుని, మలుపులో ఉన్న పన్నులమ్మాయి ఆఫీసుకి వచ్చేవారు. వీధివైపు అద్దం పక్కన కూర్చునేవారు. మధ్యాహ్నపు ఎండ ఆయన ఒళ్లోంచి నేలమీదికి మెల్లగా జారేది. ఫ్యాను గాలికి కాగితాలు నిద్రలో ఉన్నట్టు లేచి పడేవి. ఆయన కళ్లు సగం మూసుకుని ఏ లోకంలోనో తేలిపోయేవారు.

"ఏం తేల్చారు బాబాయిగారూ?"

"ఒక్క కొట్టు ఆదాయమే అయితే నేనే నింపుకుందును. మేడ మీద గది అద్దె, బ్యాంకు వడ్డీ కూడా ఉన్నాయిగా. నువ్వే కావాలి."

"అయితే ఇటివ్వండి."

"నేను నింపితే తప్పు నా ఒక్కడిదే. నువ్వు నింపితే ఇద్దరిదీను. పాపం, నిన్నెందుకు ఇరికించడం? చూద్దాం."

ఒక ఏడాది ఆమె విసిగిపోయి ఫీజు సగానికి తగ్గించింది. "ఇంత తేలిగ్గా తగ్గించావంటే కాస్త ఆలోచించాల్సిందే," అని ఆయన మరో నాలుగు రోజులు కూర్చున్నారు.

ఈ ఏడు మాత్రం ఆయన రెండు వారాలు ఆలస్యంగా వచ్చారు. వచ్చి కూర్చోగానే ఆమె అంది: "ఇవాళ తేల్చేయాలి బాబాయిగారూ. ఈ గది ఖాళీ చేసేస్తున్నాను. పెద్ద ఆఫీసువాళ్లు ఉద్యోగమిస్తామన్నారు. సాయంత్రంలోగా సరేనని ఫోను చేయాలి."

ఆ గదంటే ఆమెకి ప్రాణం.

చూద్దాంగారి కళ్లు పూర్తిగా తెరుచుకున్నాయి. "గిరాకీ లేదా?"

"రెండు వారాల్లో ముగ్గురొచ్చారు."

"మోకాలు పట్టేసింది తల్లీ. లేకపోతే మొదటిరోజే వచ్చేవాణ్ని," అన్నారాయన, తప్పు చేసినవాడిలా.

"మీరు రాకపోతే గిరాకీకేం?" అంటూ ఆమె ఫైలు లాక్కుని విప్పింది. ఈ ఏటి పన్ను కట్టేసి పది రోజులయింది. రసీదు కూడా ఉంది. కిందవి తిరగేసింది. ఎనిమిదేళ్లవీ అంతే, అన్నీ మొదటివారంలోనే, ఒక్క తప్పు లేకుండా.

"మరి ఇన్నేళ్లూ ఇక్కడ కూర్చుని ఏం ఆలోచించారు?"

ఆయన సిగ్గుపడ్డారు. "ఆ మొదటేడు వానకి లోపలికొచ్చాను. నువ్వొక్కదానివే, కుర్చీలన్నీ ఖాళీ. నేను కూర్చున్నాక అద్దంలోంచి చూసి ఇద్దరొచ్చారు. ఎవరూ లేని కొట్లోకి ఎవరడుగుపెడతారమ్మా? కొట్టు నడిపేవాణ్ని, ఆ మాత్రం తెలీదా?"

ఆమెకి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. ఆయన మీద పట్టరాని ప్రేమ పుట్టుకొచ్చింది.

అంతలో బయట ఒక జంట ఆగింది. చేతిలో కాగితాల సంచి. అద్దంలోంచి తొంగిచూస్తూ ఏదో గుసగుసలాడుకుంటున్నారు.

"తలెత్తకు," అన్నారు చూద్దాంగారు పెదవులు కదపకుండా. "ఊపిరాడనంత పనున్నట్టు రాస్తూ ఉండు."

ఆమె నవ్వు ఆపుకుంటూ, ఏం రాస్తోందో తనకే తెలియకుండా రాయసాగింది. తలుపు తెరుచుకుంది. వాళ్ల వెనక ఇంకొకాయన, ఆ వెనక ఇద్దరక్కచెల్లెళ్లు. ఆ సాయంత్రం పెద్ద ఆఫీసుకి ఫోను చేసే తీరిక ఆమెకి దొరకలేదు.