వాల్టర్ తిరిగి పోసిన గ్లాసు

"ఈ టాంకులో బీరు నేను అమ్మను. మొత్తం డ్రెయిన్‌లోకి పోవాల్సిందే" అన్నాడు రిక్.

"అర గ్లాసు కోసం టాంకంతా పారబోస్తావా? ఇళ్లల్లో మేమందరం అలాగే తిరిగి పోసుకుంటాం. ఒక్కడూ చావలేదు" అన్నాడు బీరు క్లబ్బు ప్రెసిడెంటు.

"మీ ఇంట్లోది మీరు తాగుతారు. ఇక్కడిది ఊరు తాగుతుంది."

ఇది 1987లో, శాన్ రామన్ దగ్గర ఒక బ్రూపబ్బులో నేను టాంకులు కడిగే పనిలో ఉన్నప్పటి సంగతి. బ్రూపబ్బంటే బీరు కాచిన చోటే గ్లాసుల్లో పోసి అమ్మే హోటలు. రిక్ అక్కడ హెడ్ బ్రూయరు. ఏ బీరు అమ్మాలో, ఏది పారబోయాలో అతని మాటే. అతని కింద ఒక అసిస్టెంటు, ఆ ఇద్దరి కింద నేను. టాంకు ఖాళీ కాగానే వేడినీళ్లు, తరవాత కాస్టిక్ మందు, మళ్లీ నీళ్లు పెట్టి కడగాలి. ఆ మందు చేతిమీద పడితే తోలు ఊడుతుంది. నా చదువు మూడో తరగతితో సరి. ఆ పనికి చదువు అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.

ఆ దేశంలో మా అమ్మాయి పద్మ ఇంట్లో ఉండేదాన్ని. అమ్మాయీ అల్లుడూ పొద్దున్నే ఆఫీసులకు పోయేవారు. మనవడి తెలుగు నాకు సగం, నా తెలుగు వాడికి సగం అర్థమయ్యేది. ఒకసారి ఎవరింట్లోనో వ్రతానికి వెళ్తే ఒక డాక్టరుగారు, "పిన్నిగారూ, బీరు షాపులో జాబ్ చేస్తున్నారటగా, మాకూ ఓ బాటిల్ పట్టుకురండి" అన్నాడు. "ఖాళీది ఇవ్వు నాయనా, కడిగి పంపిస్తా" అన్నాను. అందరూ నవ్వారు. కారెక్కాక మా పద్మ, "అమ్మా, ఆ జాబ్ మానేయ్. నాకు ఎంబరాసింగ్‌గా ఉంది" అంది. ఊరికే కూర్చుని తినడం నాకు అంతకన్నా సిగ్గు అన్నాను. ఆ తరవాత నన్ను ఎవరిళ్లకూ తీసుకెళ్లలేదు.

ఇళ్లల్లో బీరు కాచుకునేవాళ్ల క్లబ్బు ఒకటి ఆ ఊళ్లో ఉండేది. రిక్ వాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు: క్లబ్బు పోటీలో నెగ్గిన బీరును మా పెద్ద టాంకులో కాచి, కాచినవాడి పేరు బోర్డు మీద రాసి అమ్మాలని. నెగ్గినవాడు వాల్టర్. రైల్వేలో చేసి రిటైరైన మనిషి, ఒంటరివాడు. బీరు పులుస్తున్నన్నాళ్లూ రోజూ వచ్చి టాంకు పక్కన కుర్చీ వేసుకునేవాడు. నా పేరు వెంకాయమ్మ. అతని నోట్లో అది వెంకీ అయింది. మొదట కోపం వచ్చేది. తరవాత ఆ పిలుపు కోసమే చూసేదాన్ని. రోజంతటిలో నన్ను పేరు పెట్టి పిలిచేది అతనొక్కడే.

ఒకనాడు స్టీలు డబ్బాలో పులిహోర ఇచ్చాను. మర్నాడు ఖాళీ డబ్బా తెచ్చాడు. మా వైపు డబ్బా ఖాళీగా తిరిగివ్వరని చెప్పాను. అప్పటినుంచి తన పెరట్లో చెట్టు నిమ్మకాయలు వేసి ఇచ్చేవాడు. ఆ నిమ్మకాయలతోనే మళ్లీ పులిహోర.

బీరు ఎంతవరకు పులిసిందో చూడటానికి కొంచెం గ్లాసులోకి తీసి కొలుస్తారు. కొలిచినది తిరిగి టాంకులో పోయకూడదు. అది ఆ పనిలో మొదటి రూలు. ఆ రోజు వాల్టర్ కొలిచాడు, ఒక గుటక తాగి చూశాడు, మిగిలింది పారబోయడానికి చేతులు రాక, మూత తీసి టాంకులో పోసేశాడు. రిక్ వచ్చేసరికి ఖాళీ గ్లాసుతో మూత బిగిస్తున్నాడు. వెనకే బీరు చూద్దామని క్లబ్బువాళ్లూ వచ్చారు. అక్కడే తగువు మొదలైంది.

"వాల్టర్ కొలిచాడంతే, నోరు పెట్టలేదు. కడిగిన గ్లాసే" అన్నాడు ప్రెసిడెంటు. వాల్టర్ చేతిలో ఖాళీ గ్లాసు తిప్పుతున్నాడు.

రిక్ నావైపు తిరిగి, నువ్వు ఇక్కడే ఉన్నావు కదా, అతను తాగాడా అని అడిగాడు. తాగలేదంటే ఈ ఒక్కసారికి రూలు పక్కనపెట్టి అమ్ముతానన్నాడు.

మెతుకు పారేయని చెయ్యి నాది. వాల్టర్ ఎందుకలా చేశాడో ఆ గదిలో నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. కానీ ఎంగిలి గరిటె గిన్నెలో ముంచితే, గిన్నెలో ఉన్నదంతా ఎంగిలే. దాన్ని పదిమందికి వడ్డించరు. తాగాడని చెప్పాను.

వాల్టర్ గ్లాసు బల్లమీద పెట్టి, కోటు తీసుకుని, చెప్పకుండా వెళ్లిపోయాడు. క్లబ్బువాళ్లూ లేచారు. బోర్డు మీద అతని పేరు రిక్ తనే తుడిచేశాడు.

శుభ్రం చేసే పనిలో ఉన్నవాళ్లు చూసింది చూసినట్టు చెప్పాలి. చెప్పాక ఆ టాంకు కడగాల్సింది కూడా వాళ్లే. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే.

మర్నాడు పొద్దున వెళ్లేసరికి వెనక తలుపు మెట్టుమీద నా డబ్బా ఉంది. శుభ్రంగా తోమి ఉంది. మూత తీశాను. లోపల ఏమీ లేదు. మూత పెట్టి సంచిలో వేసుకుని, లోపలికి వెళ్లి, టాంకు కింది వాల్వు తిప్పాను.