ఆవిరక్క తలగుడ్డ

ఆ హోటల్లో ఎవరి చొక్కా నలిగినా సెల్లార్‌లోకి దిగాల్సిందే. మెట్లు దిగుతుండగానే వేడి మొహాన కొడుతుంది. గంజి వాసన, సబ్బు వాసన, తడి బట్టల వాసన కలిసి ముక్కుల్లోకి ఎక్కుతాయి. ఆ పొగల మధ్య ఇస్త్రీ ప్రెస్ ముందు నిలబడి కనిపించే మనిషే ఆవిరక్క. అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. పెళ్లయిన కొత్తలో చేరింది, ఇప్పుడు కూతురే ఉద్యోగం చేస్తోంది. ఈ మధ్యలో ఎంతమంది మేనేజర్లు వచ్చారో, ఎంతమంది పోయారో. వాళ్లందరి కాలర్లనీ ఆవిడే నిటారుగా నిలబెట్టింది. కాలర్ల లోపలి మనుషుల సంగతి ఆవిడ చేతిలో లేదు.

ఆవిరక్క తలమీద ఎప్పుడూ తెల్లగుడ్డ ఉంటుంది. నుదుటి మీదుగా చెవులు కప్పి, గడ్డం కింద పిన్నీసుతో బిగించిన గుడ్డ. వాళ్ల మతంలో కొందరు ఆడవాళ్లు కట్టుకుంటారు, కొందరు కట్టుకోరు. ఆవిరక్క కట్టుకుంటుంది. భక్తి పొంగిపొర్లిపోయి కాదు. ప్రార్థన మందిరానికి ఎప్పుడో బుద్ధి పుట్టినప్పుడు వెళ్తుంది, వెళ్లినా సగంసేపు కునికిపాట్లే. చిన్నప్పుడు వాళ్లమ్మ అద్దం ముందు కూర్చోబెట్టి మొదటిసారి కట్టింది. అమ్మ పోయింది. ఆ కట్టు మాత్రం రోజూ పొద్దున్నే చేతులు వాటంతటవే కట్టేస్తాయి. అది లేకుండా వీధిలోకి వెళ్లడమంటే ఆవిడకి జాకెట్టు లేకుండా వెళ్లడమే. ఇంతకు మించిన వేదాంతం ఏమీ లేదందులో.

నిజానికి ఆ గుడ్డ హోటల్ గుడ్డే. పైన భోజనాల హాల్లో ప్రతి బల్లమీదా పెద్ద టేబుల్ క్లాత్ పరిచి, దానిమీద ఐమూలగా ఒక చదరపు పైగుడ్డ వేస్తారు. మరకపడ్డవీ అంచు చిరిగినవీ పనివాళ్లకి ఇచ్చేస్తారు, గచ్చు తుడుచుకోండంటూ. ఆవిరక్క వాటిలో మంచివి ఏరుకుని, ఉడకబెట్టి, అంచులు మళ్లీ కుట్టుకుని తలకి కట్టుకునేది. మూలన తెల్లదారంతో నేసిన చిన్న గొడుగు ఉంటుంది, హోటల్ గుర్తు. అది మెడ వెనక్కిపోయేలా మడుచుకునేది.

ఈ గుడ్డకి పిన్నీసు పెట్టింది ఎవరనుకున్నారు? ఇప్పటి సూపర్వైజరమ్మే. ఒకప్పుడు ఇద్దరూ పక్కపక్క ప్రెస్‌ల మీద చెమటలు కక్కినవాళ్లే. ఆమెది వేరే మతం. ఎవరి గుండీ ఊడినా ఆదుకోవడానికి కాలర్ వెనక నాలుగు పిన్నీసులు గుచ్చుకుని తిరిగేది కాబట్టి ఆమె పేరే పిన్నీసు అయిపోయింది. చెమటకి గుడ్డ జారినప్పుడు ఆవిరక్క చేతులు తడిగా ఉంటే, పిన్నీసే వచ్చి సర్ది, గడ్డం కింద గుచ్చి, “కదలకక్కా, గుచ్చుకుంటే నన్ననకు” అనేది. తర్వాత ఆమెకి పైఅంతస్తులో ఉద్యోగం వచ్చింది. బూట్లు టకటకమనడం మొదలుపెట్టాక సెల్లార్ మెట్లు దిగడం తగ్గింది.

ఆ రోజు దిగింది. లోపలికి రాకుండా గుమ్మంలోనే ఆగింది.

“అక్కా, లాండ్రీ మూసేస్తున్నారు. బట్టలన్నీ బయటి కంపెనీకి ఇస్తారట.”

“మరి మా గతేంటే?”

“అందర్నీ పంపించేస్తున్నారు. నిన్నొక్కదాన్నే ఉంచుతున్నారు. పైన లాబీ పక్కన యూనిఫాం కౌంటర్ పెడుతున్నారు. అద్దాల గది, ఏసీ, కూర్చుని చేసే పని. నీ పేరు నేనే చెప్పాను.”

ఆవిరక్కకి ముందు తన మోకాళ్లు గుర్తొచ్చాయి. సాయంత్రానికి అవి తన మాట వినడం మానేసి చాలాకాలమైంది. నిలబడే పని ఇక మానెయ్యమని డాక్టరు తిట్టని తిట్టు లేదు. కూర్చుని చేసే పని! ఆవిడ మొహం విప్పారేలోపే పిన్నీసు నేల చూపులు చూస్తూ మిగతాది చెప్పింది.

“తలగుడ్డ మాత్రం తీసెయ్యాలక్కా. కొత్త రూలు. గెస్టులకి కనిపించే చోట యూనిఫాం తప్ప ఏ మతం గుర్తూ ఉండకూడదట. నీ ఒక్కదానికే కాదు, అందరికీ ఒకటే రూలు. మెడలో, చేతికి, ఎక్కడా ఏమీ ఉండకూడదు.”

“మెడలోది చొక్కా లోపలికి తోసుకుంటారు. చేతిదాని మీదికి చొక్కా చెయ్యి లాక్కుంటారు. నా తల ఎక్కడ దాచుకోనే?”

పిన్నీసు తన కాలర్ సర్దుకుంది.

“ఇన్నాళ్లూ లేని రూలు ఇప్పుడెక్కడిదే?”

“ఇన్నాళ్లూ నువ్వు కింద ఉన్నావు కదక్కా.”

ఆ మాటతో ఆవిరక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదూ మరి! కింద మగ్గినంతకాలం ఆ తలమీద గుడ్డ ఉందో గంప ఉందో ఎవడికీ పట్టలేదు. ఆ తలకింది చేతులు వాళ్లకి కావాలి, ఆ చేతులు మడిచిన కోట్లు వాళ్లకి కావాలి. తల వెలుగులోకి వచ్చేసరికి కళ్లల్లో నలుసైంది. అందరికీ ఒకటే రూలట! అందరికీ ఒకే కొలత చొక్కా కుట్టించి, పట్టనివాడిదే తప్పనడం లాంటిదే ఇదీ.

ఇంటికెళ్తే అక్కడా ఊరట దొరకలేదు. మొగుడు బస్సు డ్రైవరు, మనిషి మంచివాడే గానీ గొడవంటే ఆమడ దూరం పరుగెత్తుతాడు.

“గేటు దగ్గర తీసి సంచీలో పెట్టుకో. సాయంత్రం మళ్లీ కట్టుకో. దానికింత రాద్ధాంతం ఎందుకు?” అన్నాడు.

“మీ డిపోలో రేపట్నించి ప్యాంటు విప్పి రమ్మంటే విప్పేసి వెళ్తారా?”

ఆయన పేపరు వెనక్కి వెళ్లిపోయాడు. ఫోన్ల షాపులో పనిచేసే కూతురు పకపకా నవ్వి, నవ్వు ఆపి, తల్లి మోకాళ్లకి నూనె రాస్తూ కూర్చుంది. ఆ పిల్ల తలకి గుడ్డ కట్టదు. కాలేజీలో చేరిన రోజే కట్టనని తేల్చి చెప్పింది. అప్పుడు ప్రార్థన మందిరం పెద్దాయన వీధి వాకిట్లో నిలబడి కేకలేస్తే, “దాని తల దానిష్టం, మీరు దయచెయ్యండి” అని తలుపేసింది ఆవిరక్క.

ఆ పెద్దాయనే ఆ సాయంత్రం మళ్లీ ఊడిపడ్డాడు. కబురెవరు మోశారో గానీ, కుర్చీ చూపించకముందే కూర్చున్నాడు.

“ఉద్యోగం వదిలెయ్యమ్మా. పస్తులున్నా పరవాలేదు, గుడ్డ మాత్రం తియ్యకూడదు. అయినా కూతుర్ని తల కప్పకుండా ఊరిమీదికి వదిలిన తల్లివి, నీకు చెప్పేదేముందిలే.”

“పస్తులుండేది మీరా నేనా?” అంది ఆవిరక్క, మోకాళ్ల నొప్పి మరిచిపోయి లేచి నిలబడి. “కట్టుకుని తీరాలనడానికి మీరెవరు? తీసెయ్యమనడానికి వాళ్లెవరు? నా తలమీద మీకూ వాళ్లకూ వాటాలున్నాయా? లెయ్యండి ముందు, ఆ కుర్చీ మా ఆయనది.”

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పెద్దాయన్ని గెంటేశాక ఆవిడకి ఆ సామెత గుర్తొచ్చి ఇంకా ఒళ్లు మండింది. కప్పకీ పాముకీ కోపాలున్నాయి సరే, మధ్యలో నలిగేదాని కోపం ఎవడికైనా పట్టిందా?

మర్నాడు పొద్దున ఆ కోపంతోనే ప్రెస్ ముందు నిలబడింది. మధ్యాహ్నం యజమాని భోజనానికి వస్తున్నాడని, పైగుడ్డలు పెళపెళలాడాలని పైనుంచి కబురు. ఆవిరక్కకి మడతలో ఒక పద్ధతి ఉంది. ఆవిడ విడిగుడ్డ కూడా హోటల్ బట్టలతోనే ఉతుకులో పడుతుంది కదా, అందుకని హోటల్ గుడ్డలు గొడుగు గుర్తు పైకి కనిపించేలా మడుస్తుంది, తన గుడ్డ గుర్తు లోపలికి పోయేలా మడుస్తుంది. ఇన్నేళ్లలో ఒక్కనాడూ తప్పలేదు. ఆ రోజు చేతులు ఇస్త్రీ చేస్తున్నాయి, మనసు పెద్దాయన్నీ మేనేజర్నీ పక్కపక్కన నిలబెట్టి దులుపుతోంది. తన గుడ్డని కూడా గుర్తు పైకే మడిచేసి దొంతరలో పెట్టేసింది. దొంతర పైకి వెళ్లిపోయింది.

కాసేపటికి పిన్నీసు కొత్త కోటు పట్టుకుని వచ్చింది. “యజమాని వచ్చారక్కా. కౌంటర్‌లో కూర్చోబోయే మనిషిని చూపించమన్నారట. ఇది వేసుకుని రా. ఈ ఒక్క మాటా విను. ఇది పోతే ఈ వయసులో ఇంకెవరిస్తారు నీకు పని?”

ఆవిరక్క కోటు అందుకుంది. ఎవరూ ఇవ్వరు, ఆ సంగతి తనకీ తెలుసు. ఆఖరికి మోకాళ్లు గెలిచాయి. తడిచేతులకి పిన్నీసు ఊడి రాకపోతే, సూపర్వైజరమ్మే గడ్డం కింద చెయ్యి పెట్టి ఊడదీసింది. గుడ్డ మడిచి ప్రెస్ మీద పెట్టింది. చెవులకి ఒక్కసారిగా గాలి తగిలింది. లాబీలో నడుస్తుంటే అందరూ తన నెరిసిన పాపిటే చూస్తున్నట్టనిపించి, ఏ తప్పూ చెయ్యకుండానే ఆవిడ తల దించుకుంది. ఆ తల దించుకోవడం తలుచుకుంటే నాకిప్పటికీ రక్తం మరుగుతుంది.

భోజనాల హాల్లో యజమాని సూప్ తాగుతున్నాడు. మేనేజరు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. యజమాని ఆవిడని పైనించి కిందిదాకా చూశాడు.

“బాగుంది. ఇప్పుడు మనిషిలా ఉన్నావు.”

ఆవిరక్క గుడ్ల నీళ్లు కుక్కుకుని చూపు బల్లమీదికి దించింది. అక్కడ, సూప్ గిన్నె కింద, తన గుడ్డ. అంచున తను కుట్టిన జంట కుట్టు. రెండు మూలల్లో పిన్నీసు పొడిచి పొడిచి పడ్డ చిల్లులు. మీద రొట్టె తునకలు, ఆయనగారి మోచెయ్యి.

“అయ్యా, ఆ గిన్నె కాస్త ఎత్తండి.”

మరకేదో తుడుస్తుందనుకుని ఆయన ఎత్తాడు. ఆవిరక్క గుడ్డ లాగింది. గ్లాసొకటి దొర్లింది.

“ఏం చేస్తున్నావ్?” అని అరిచాడు మేనేజరు.

“ఇది నా తలగుడ్డ సార్. మడతలో పొరపాటయి మీ బల్లకెక్కింది. నిన్నటిదాకా నా తలమీదే ఉంది.”

యజమాని కుర్చీ వెనక్కి జరుపుకుని “ఛీ” అన్నాడు. అని, వేళ్లు తుడుచుకున్నాడు.

ఆ ఛీత్కారంతో ఆవిరక్క మోకాళ్లూ జీతమూ వయసూ అన్నీ మరిచిపోయింది.

“ఉడకబెట్టి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసిన గుడ్డ. ఇంతసేపూ దానిమీద మోచేతులానించుకుని తిన్నారు. ఏ మతం అంటుకుంది మీకు? గెస్టు బల్లమీద పరిస్తే మర్యాద, నా తలమీద ఉంటే రూలుకి అడ్డమా? ఇప్పుడు మనిషిలా ఉన్నానా? మరి ఇన్నేళ్లూ మీ కోట్లు ఇస్త్రీ చేసింది ఎవరు, గొడ్డా?”

సూప్ మరక నుదుటి మీదికి వచ్చినా లెక్కచెయ్యకుండా ఆవిడ గుడ్డ తలకి చుట్టుకుని, గడ్డం కింద గుప్పిట్లో పట్టుకుంది.

“అది హోటల్ గుడ్డ, గుర్తుంది చూడు. తీసి ఇక్కడ పెట్టి పో” అన్నాడు మేనేజరు. ఆవిడ కదలకపోయేసరికి పిన్నీసు వైపు తిరిగాడు. “నువ్వు తియ్యి.”

పిన్నీసు ముందుకొచ్చింది. ఇందాక ఊడదీసిన చెయ్యే పైకి లేచింది. లేచి, గుడ్డ దగ్గర ఆగలేదు, తన కాలర్ వెనక్కి వెళ్లింది. పాత అలవాటు ఇంకా అక్కడే గుచ్చి ఉంది. తీసి, ఆవిరక్క గుప్పిట విప్పి, గుడ్డ సర్ది, గడ్డం కింద పెట్టింది.

“కదలకక్కా” అంది.

“నీకూ ఉద్యోగం బరువైందా?” అన్నాడు మేనేజరు.

ఆవిరక్క ఆయన్ని చూడలేదు, పిన్నీసునే చూసింది. “ఇందాక తీసేటప్పుడు ఏమైందే ఈ చెయ్యి?” అని, పనివాళ్లు వెళ్లే వెనక గుమ్మం వైపు కాకుండా, లాబీ మధ్యనుంచి పెద్ద తలుపు తోసుకుని వెళ్లిపోయింది.

ఉద్యోగాలు ఇద్దరివీ పోయాయి. ఇప్పుడు బస్సు డిపో ఎదుట ఒక చిన్న గదిలో ఇస్త్రీ షాపు నడుపుతున్నారు. వీధిలోకి పెద్ద కిటికీ. వచ్చేపోయే వాళ్లందరికీ ఆవిరక్క కనిపిస్తుంది, తలగుడ్డతో సహా. ఎత్తు స్టూలు ఉంది గానీ, పని ఎక్కువైతే నిలబడక తప్పదు. అప్పుడు మోకాళ్లూ తిడతాయి, ఆవిడా తిడుతుంది, హోటల్‌ని, పెద్దాయన్ని, పక్కనున్న మనిషిని కూడా. గుడ్డ జారితే పిన్నీసు వచ్చి సర్దుతుంది.

“నామీద కోపం పోయిందా అక్కా?” అని ఒకరోజు సర్దుతూ అడిగింది.

“చేతులు తడిగా ఉన్నాయి కాబట్టి పెట్టనిస్తున్నాను” అంది ఆవిరక్క.