నీలం తరవాత తెలుపు

"...సంతకమే కదా బావా, ఆస్తి రాసిమ్మన్నారా ఏమన్నా?"

"ఆస్తైనా రాసిచ్చేవాణ్ణేమో. ఇందులో 'స్వయంగా వెళ్ళి చూశాను' అని ఉంది. వెళ్ళావా నువ్వు?"

"అందరూ వెళ్ళి చూసే పెడుతున్నారా ఏంటి!"

అద్దాల తలుపు అవతల ఓనరూ, ఆయన బావమరిదీ వాదించుకుంటున్నారు. ఇవతల స్టోరులో మడతక్క దుప్పట్లు అరల్లో సర్దుతోంది.

పద్నాలుగు మంది పనిచేసే చిన్న కంపెనీ అది. ఆసుపత్రుల్లో, లాడ్జీల్లో గదులు శుభ్రం చేసి పక్కలు మారుస్తారు. మాసిన దుప్పట్లు ఊరి చివరి లాండ్రీకి పోతాయి, ఇస్త్రీ అయి తిరిగొస్తాయి. ఇప్పుడు పెద్దాసుపత్రి ఒక కాగితం పంపింది. తమకు పని చేసిపెట్టే చోట్ల ఎవరినీ నిర్బంధించి పని చేయించడం లేదని, కళ్ళారా చూశామని రాసివ్వాలి. శుక్రవారంలోగా ఇవ్వకపోతే కాంట్రాక్టు వేరేవాళ్ళకి పోతుంది.

మడతక్క అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. ఇస్త్రీ బల్ల కింద పెరిగిన మనిషి. దీనికి మాటలకన్నా ముందు మడతలొచ్చాయని వాళ్ళమ్మ నవ్వేది. ఇంట్లో మొగుడు తువ్వాలు మడిచిపెడితే, ఆయన అటు తిరగ్గానే విప్పి మళ్ళీ మడుస్తుంది. "నన్నూ మడిచి అలమరలో పెట్టెయ్యవే, పీడా పోతుంది" అంటాడాయన.

ఆమెకు మడతలో మనిషి కనిపిస్తుంది. ఒకరు అంచును బొటనవేలితో నొక్కుతారు, ఒకరు అరచేత్తో చరుస్తారు. లాండ్రీ నుంచి వచ్చే దుప్పట్లను పదకొండు మంది మడుస్తున్నారని, ఒక్కరి ముఖమైనా చూడకుండానే ఆమెకు తెలుసు. అందులో ఒకరిది ఎడమచేతి వాటం. ఆ మడతలో కొస అందరిదానికీ ఎదురు తిరిగి ఉంటుంది.

మొదట్లో అది ముచ్చటగానే ఉండేది. రానురాను గుబులు పట్టుకుంది. ఎనిమిది నెలలుగా వచ్చిన ఒక్క కట్టలోనూ, ఆ పదకొండులో ఒక్క చెయ్యీ తప్పలేదు. ఆ లాండ్రీలో జ్వరాల్లేవు, పెళ్ళిళ్ళు లేవు, చావుల్లేవు. అరల ముందు ఒంటరిగా నిలబడ్డప్పుడు, ఆ దుప్పట్ల వెనక పదకొండు మంది ఊపిరి బిగబట్టి నిలబడ్డట్టు ఉండేది.

తలుపు తోసుకుని లోపలికెళ్ళి ఆ సంగతే చెప్పింది.

బావమరిది పకపకా నవ్వాడు. "చెయ్యి చూసి జాతకం చెప్పేవాళ్ళున్నారు గానీ అక్కా, దుప్పటి చూసి చెప్పేది నువ్వే."

"నేను చెప్పేది జాతకం కాదు బాబూ, హాజరు."

ఓనరు కాగితం బల్లమీద పెట్టాడు. "నువ్వే వెళ్ళి చూసిరామ్మా. నువ్వు బాగుందంటే సంతకం పెట్టేస్తా."

మడతక్క వెళ్ళేసరికి లాండ్రీ అద్దంలా ఉంది. పొద్దున్న పదిన్నర ఎండ పైకిటికీల్లోంచి ఆవిరి మీద పడుతోంది. బాయిలరు చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. గుమ్మం దగ్గర ఒక్క జత బూట్లున్నాయి. అవి మేనేజరువి.

"వీళ్ళ చెప్పులేవండీ?"

"లోపలంతా తడి కదండీ, చెప్పులు పనికిరావు."

"బయటికెళ్ళేటప్పుడు?"

"బయటికెందుకండీ? తిండీ పడకా అన్నీ ఇక్కడే. మేమంతా ఒక్క కుటుంబం. వాళ్ళ ఆధార్ కార్డులు కూడా నా బీరువాలోనే భద్రం."

వరసగా పదకొండు మంది ఆడవాళ్ళు. కొత్త మనిషి వచ్చినా ఒక్క తల తిరగలేదు. మడతక్క మొదటామెను పలకరించింది.

"బాగున్నావామ్మా?"

"మాకే లోటూ లేదండి."

రెండో ఆమెదీ అదే మాట, అదే గొంతు. మూడో ఆమె, మడతక్క నోరు తెరవకముందే చెప్పేసింది.

"మాకే లోటూ లేదండి."

వరస చివర నలభై దాటిన మనిషి ఎడమచేత్తో దుప్పటి దులుపుతోంది. మేనేజరుకు ఫోనొచ్చి నాలుగడుగులు అవతలికి జరిగాడు. మడతక్క ఆ దుప్పటి రెండో కొస అందుకుంది. ఇద్దరు కలిసి మడిస్తే ప్రతి మడతకీ ఎదురెదురు రావలసిందే. చేతులు కలిసినప్పుడు మెల్లగా అడిగింది.

"ఇవాళ ఏ వారం?"

"నీలం."

తనకు సరిగా వినపడలేదనుకుంది. వెనక్కి వెళ్ళి, రెండో మడతకి మళ్ళీ దగ్గరికొచ్చింది. "వారం అడుగుతున్నానమ్మా."

"నీలం దుప్పట్లొచ్చాయిగా. నీలం తరవాత తెలుపు. తెలుపు తరవాత మళ్ళీ నీలం. మొన్నామధ్య రెండు నీలాలు వరసగా వచ్చాయి, అప్పట్నించి నాకు లెక్క తప్పింది."

మడతక్క చేతుల్లో కొస జారింది. నీలంవి ఆసుపత్రి దుప్పట్లు, సోమవారం తను పంపుతుంది. తెల్లవి లాడ్జీలవి, గురువారం. మొన్నామధ్య ఒక గురువారం లాడ్జీల్లో పని లేక తెల్లకట్ట ఆపింది తనే.

మూడో మడతకి ఆమే ముందు మాట్లాడింది. కళ్ళు మేనేజరు వీపు మీదున్నాయి. "తాళం బయటినుంచి వేస్తారు. ఇంటికి పోతామన్న వాళ్ళను రాత్రంతా వేరే గదిలో ఉంచుతారు. పొద్దున మళ్ళీ పనిలోకి వచ్చాక వాళ్ళు ఇంటిమాట అడగరు." ఫోను పెట్టేసిన చప్పుడైంది. ఆమె దుప్పటి కట్టమీద పెట్టి, ఎవరూ అడక్కుండానే పైకి అంది.

"మాకే లోటూ లేదండి."

మడతక్క ఆఫీసుకొచ్చి విన్నదంతా చెప్పింది. ముందు మాట్లాడింది బావమరిదే.

"పోనీ, లాండ్రీ మార్చేద్దాం బావా. చేతులు దులుపుకుంటే పోలా."

"మనం మారతాం బాబూ. వాళ్ళు అక్కడే ఉంటారుగా."

"అయితే ఏం చేద్దామంటావ్? లేబరాఫీసుకెళితే మొదట అడిగేది మననే. ఎనిమిది నెలలు మీరేం చేశారంటారు. ఆసుపత్రి వాళ్ళు ఆ పూటే తీసేస్తారు. పద్నాలుగు మంది రోడ్డున పడతారు, నువ్వు సహా."

ఓనరు కాగితం వైపు చూశాడు గానీ ముట్టుకోలేదు. "రెండ్రోజులు ఆగి ఆలోచిద్దామమ్మా."

మడతక్క నడుముకున్న స్టోరు తాళాలు తీసి బల్లమీద పెట్టింది.

"నేను లేబరాఫీసుకి వెళ్తున్నానండీ" అంది.