గోవిందన్న చూడని పలక

ఈ ఉదయం రాయకోట రోడ్డులో పాలు కొనుక్కుని వస్తుంటే ఒక లేత్ మిషను షెడ్డులోంచి కటింగ్ ఆయిల్ కాలుతున్న వాసన వచ్చింది. లోపల ఎవరో ఇనుము కోస్తున్నారు. తలుపు దగ్గర సన్నని తెల్లటి పొగ. ఆ వాసన తగలగానే గోవిందన్న పక్కన వచ్చి నిలబడ్డట్టే అనిపించింది. ఆయన చొక్కాలకు, టిఫిను డబ్బాకు, తిరునాళ్ల నుంచి తెచ్చి ఇచ్చిన విభూతి పొట్లానికి కూడా ఇదే వాసన ఉండేది. షెడ్డు ఆయన బయటికి వచ్చి “ఏం గావాల సామీ?” అని అడిగాడు. ఏమీ వద్దన్నాను. గోవిందన్న పోయి రెండేళ్లు.

హోసూరులో ఒకే కర్మాగారంలో మేమిద్దరం ముప్పై ఏళ్లు పనిచేశాం. ఆయన టూల్ రూమ్ ఫోర్‌మన్, నేను స్టోర్సు గుమాస్తా. డ్రిల్ బిట్టు కావాలన్నా చీటీ లేనిదే ఇచ్చేవాణ్ణి కాను. అందుకని నాకు ‘స్టోర్సప్ప’ అని పేరు పెట్టాడు. రిటైరై ఒకే వీధిలో కాపురం ఉన్నప్పుడు కూడా ఆ పేరు వదల్లేదు. నాకు ఇరవయ్యో ఏట నుంచి డైరీ రాసే అలవాటు. వాన ఎప్పుడు పడింది, ఇంటికి ఎవరొచ్చారు, కరెంటు ఎంతసేపు పోయింది, అన్నీ రాస్తాను. వీధిలో అందరికీ నా డైరీలు ఉమ్మడి సొత్తు. బోరు ఎప్పుడు వేశారు, ఎవరి పాప ఏ రోజు పుట్టింది అని వాదం వస్తే మా అరుగు మీదికి వచ్చేవాళ్లు. ఆ ఏటి పుస్తకం తీసి వాళ్ల చేతికే ఇచ్చేవాణ్ణి.

రిటైరైన తరువాత చేతికొచ్చిన దాంట్లో కొంత పెట్టి ఫోనులో బిట్‌కాయిన్ కొన్నాను. గొప్పగా గోవిందన్నకు చూపించాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టి చాలాసేపు చూశాడు.

“ఇది నీదేనా?”

“నాదే కదన్నా. పేరు కూడా ఉంది చూడు.”

“పేరుంటే నీదైపోతాదా? చెవి యాడుంది, తాళంచెవి?”

“అది కంపెనీ వాళ్ల దగ్గరుంటుంది.”

“అట్లయితే నువ్వు వాళ్లింట్లో బాడుగకున్నట్టు, స్టోర్సప్పా. వాళ్లు బీగమేసుకోని పోయినారంటే బయట నిలబడి తలుపు తట్టేదే నీ పని.”

అది ఆయన పడ్డ దెబ్బ. ఆయన నమ్మి పెట్టిన ఒక కంపెనీ ఒకనాడు ఫోనులోంచి మాయమైపోయింది. మూడు నెలలు ఆ తెర చూస్తూ కూర్చున్నాడట. ఆ తరువాత పుస్తకాలు తెప్పించుకుని, ఒక్కొక్క మాటా అర్థం చేసుకుని, నాకు కొత్త మిషను నేర్పినట్టు నేర్పాడు. నాణేలు ఫోనులో ఉండవు, తాళంచెవి దాచుకోవడానికి అమ్మే పెన్‌డ్రైవంత పరికరంలోనూ ఉండవు. అందరికీ కనపడే పెద్ద పద్దు ఒకటి లోకమంతా నడుస్తూ ఉంటుంది. అందులో నీ నాణేన్ని కదిలించగలిగేది తాళంచెవి ఒక్కటే. ఆ చెవిని పరికరం పన్నెండు ఇంగ్లీషు మాటలుగా మనకు ఇస్తుంది. పరికరం విరిగిపోతే ఇంకొకటి కొని ఆ మాటలు వరసగా ఎక్కిస్తే అంతా తిరిగి వస్తుంది. మాటలు పోతే తెచ్చి ఇచ్చే ఆఫీసు ఎక్కడా లేదు. మాటలు ఇంకొకరి కంట పడితే వస్తువు వాళ్లది.

తలూపాను. పరికరం తెప్పించుకుని నాణేలను కంపెనీ నుంచి దాని చెవి కిందికి మార్చుకున్నాను. అది చూపించిన పన్నెండు మాటలను, జరిగినదేదైనా రాసే మనిషిని గనుక, ఆ రోజు డైరీలో చక్కగా వరస నంబర్లు వేసి రాసుకున్నాను.

ఒక వారం తరువాత పక్కింటి సరోజమ్మ గ్యాసు ఎప్పుడొచ్చిందో చూసుకోవడానికి వచ్చి ఆ పుస్తకం తిరగేసింది. గోవిందన్న అక్కడే కాఫీ తాగుతున్నాడు.

“ఏం సార్ ఇది, అంగడి చీటీనా? ఒగదానికొగటి పొంతనే లేదే!” అని నవ్వింది.

గోవిందన్న గ్లాసు కింద పెట్టాడు. ఆమె గేటు దాటాక నా వైపు తిరిగాడు.

“దాంట్లో రాసినావా?”

“ఏది జరిగినా రాస్తాను కదన్నా.”

“నీకు బుద్ధుందా? ముప్పై ఏండ్లు స్టోరుకు బీగమేసి చెవి మొలతాడుకు కట్టుకోని తిరిగినోడివి! ఇప్పుడు చెవిని అరుగుమీద పెట్టి ఊరందరికీ చూపిస్తా ఉండావే!”

సిగ్గుతో ఆ పేజీ చించబోయాను. నా మణికట్టు పట్టుకున్నాడు. “చించొద్దు. చించితే చూసినోళ్ల కండ్లలోంచి పోతాదా? ఇల్లే మార్చాల.”

తన దగ్గర విప్పకుండా ఉన్న కొత్త పరికరం తెచ్చి, తెర నావైపే ఉంచి, దాంట్లో కొత్త మాటలు నాతోనే పుట్టించి ఒక చీటీ మీద రాయించాడు. ముందు కొసరంత పంపించమన్నాడు. తరువాత ఆ పరికరాన్ని ఖాళీ చేసి, మాటలు నా చేతనే మళ్లీ ఎక్కించి, ఆ కొసరు తిరిగి కనిపించాకే మిగతాది పంపనిచ్చాడు. మధ్యాహ్నం అన్నానికి కూడా లేవనివ్వలేదు.

మరునాడు నన్ను తన పెరటి షెడ్డుకు రమ్మన్నాడు. బెంచి మీద స్టీలు పలక ఒకటి బిగించి ఉంది. పక్కన చెక్కపెట్టెలో లోహం మీద అక్షరాలు దింపే పంచులు, ఒక సుత్తి. కాగితం తడుస్తుంది, కాలుతుంది, చెదలు తింటుంది. స్టీలు మీద కొట్టిన అక్షరం ఉంటుంది. ఒక్కో మాటకు మొదటి నాలుగు అక్షరాలు చాలు, మిగతాది పరికరమే పోల్చుకుంటుంది, ఆరు మాటలు కిందికి, వాటి పక్కన మళ్లీ ఆరు కిందికి కొట్టమని చెప్పి, తాను వెళ్లి గోడకేసి తిరిగి నిలబడ్డాడు.

“అట్లెందుకన్నా? నువ్వు చూస్తే ఏమవుతుంది?”

“నేను చూడగూడదు. నువ్వు ఎంత ఫ్రెండువైనా, చూడగూడదు. కొట్టు.”

కొట్టాను. గుమాస్తా చెయ్యి నాది. గోడవైపు నుంచి గొంతు వచ్చేది. “అది అణగలేదు, ఇంకో దెబ్బెయ్యి... ఇది వంకరగా పడింది కదా? పంచు నిలువుగా పట్టుకో అప్పా.” చూడకుండా, శబ్దంతోనే ప్రతి దెబ్బా సరిచేశాడు. గంటన్నర అట్లా నిలబడ్డాడు. అప్పటికే ఆయనకు మోకాళ్ల నొప్పులు. నన్ను అంతగా గౌరవించిన మనిషి నాకు ఇంకొకరు తారసపడలేదు.

ఆ తరువాతి ఏడు గోవిందన్న కృష్ణగిరిలో ఒక పెళ్లికి వెళ్లి, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

కర్మలన్నీ ముగిశాక ఆయన భార్య మునెమ్మ వదిన పసుపు సంచితో వచ్చింది. అందులో పరికరం, గుడ్డలో చుట్టిన పలక. పరికరం తెరిచే నంబరు ఆయనతోనే పోయింది, ఇక పలక మీది మాటలే దిక్కు. ఆయన ఆమెకు మిగిల్చినదంతా దాంట్లోనే ఉంది. ఇల్లు కూడా బాడుగదే.

“దీన్ని నా చేతికిచ్చి, ఎవురికీ చూపించొద్దు, స్టోర్సప్పకు గూడా అని ఒట్టేయించుకున్నాడప్పా. నేను ఉద్దనపల్లి ఇస్కూల్లో అయిదు సదివిన దాన్ని. ఇంగ్లీసు నాకు యాడొస్తాది? ఫోను రిపేరీ అంగడాయన ఇట్లిస్తే అయిదు నిమిషాల్లో తీసిస్తానన్నాడు. వానికంటే నువ్వు మేలు గదా. నువ్వే సదువు.”

అన్నీ ఆలోచించిన గోవిందన్న, నలభై ఏళ్లు తనకు వండిపెట్టిన మనిషికి ఇంగ్లీషు అక్షరాలు రావని మరచిపోయాడు. నాకు ఆయన మీద కోపం వచ్చింది. చెయ్యి చాపాను కూడా. చదివి ఎక్కించడం ఎంత పని? కానీ చదివిన క్షణం నుంచి ఆమె సొత్తుకు నేనూ యజమానినవుతాను. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

“నేను చదవను వదినా. అంగడాయనకూ ఇవ్వొద్దు. నువ్వే చదువుతావు.”

“ఈ వయసులోనా? నీకేమన్నా పిచ్చా?”

రెండు నెలలు పట్టింది. రోజూ సంగటి దించి వచ్చి కూర్చునేది. పలక మీద ఉన్నవి పెద్ద అక్షరాలు, పరికరంలో కనపడేవి చిన్నవి. రెండు రకాలూ నేర్పాల్సి వచ్చింది. బర్గూరు బస్సు బోర్డు కూడబలుక్కుని చదివిన రోజు చిన్నపిల్లలా నవ్వింది. “ఈ ‘ఓ’, ‘క్యూ’ అక్కాచెల్లెండ్లా అప్పా?” అంటే, “అవును వదినా, చెల్లెలికి తోకుంది” అన్నాను.

మాటలు ఎక్కించే రోజు వాళ్లింట్లోంచి నన్ను ఆమే బయటికి పొమ్మంది. మెట్టు మీద కూర్చున్నాను. గంట గడిచింది. ఏడుపు గొంతుతో బయటికి వచ్చింది.

“ఒప్పుకోలేదప్పా. తప్పంట.”

గోవిందన్న తప్పుగా కొట్టి ఉంటాడా? చూద్దామంటే చూడకూడదు. కళ్లు మూసుకుని ఆలోచించాను.

“మాటలు పక్కపక్కన చదివావా, కిందికి చదివావా?”

“పక్కపక్కనే. బస్సు బోర్డు మాదిరి.”

“కిందికి చదువు వదినా. ఆరూ అయ్యాక, మళ్లీ పైనుంచి ఆరు.”

ఆమె మళ్లీ లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. తరువాత “వచ్చిందప్పా” అన్న మాట వినిపించింది. లోపలికి వెళ్లేసరికి పలక అప్పటికే కనపడలేదు. ఎక్కడ పెట్టిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని ఒకటే అడిగింది: “నలబై ఏండ్లు ఒగింట్లో ఉండి, ఈ ఇరవయ్యారు అచ్చరాలు నాకు నేర్పలేకపోయినాడా ఆయన?”

ఇంటికి వచ్చాను. మా ఆవిడ చిక్కుడుకాయలు తుంచుతూ ఉంది. ఎదురుగా కూర్చుని, నాకేమన్నా అయితే నా పలక మీది అక్షరాలు చదవగలవా అని అడిగాను.

“చదవకేం? పది పాసైన దాన్ని,” అంది తలెత్తకుండా. “అది యాడ పెట్టినారో చెప్పింది ఎప్పుడు?”

చెప్పలేదు. ఒక్కసారి కూడా చెప్పలేదు. గోవిందన్న మీద రెండు నెలలు కోపంగా తిరిగిన నేను, ఆయన చేసిన పాటి కూడా చేయలేదు. ఆమెను లేపి చోటు చూపించాను. తిరిగి వస్తుంటే ఒకటే ఆరాటం, ఈ సంగతి వెళ్లి ఆయనకు చెప్పాలని. నన్ను ఎంత తిట్టేవాడో, తిట్టి ఎంత నవ్వేవాడో! వీధి తలుపు గడియ తీశాక గానీ ఆయన లేడన్నది గుర్తు రాలేదు. ఇప్పటికీ నా వల్ల ఏదైనా తప్పు జరిగితే, ముందు ఆ గడియ మీదికే పోతుంది నా చెయ్యి.