యాంప్లిఫయరు లేని గిటారు, నాది కాని తువ్వాల

అప్పట్లో మా ఇంటికి ప్రహరీ గోడ లేదు గానీ గేటు ఉండేది. గోడ ఒక్కో వానాకాలానికి కొంత చొప్పున పడిపోయింది. ఇనుప గేటు మాత్రం రెండు స్తంభాల మధ్య అలాగే నిలబడి ఉంది. మేకలూ, పాలవాడూ, పోస్టుమానూ పక్కనుంచి నడిచి లోపలికి వచ్చేసేవారు. మేము మాత్రం గొళ్ళెం తీసి, గేటు తోసి, లోపలికి వచ్చి, మళ్ళీ గొళ్ళెం వేసుకునేవాళ్ళం. ఆ రోజుల్లో నా బుద్ధి ఎలా ఉండేదో చెప్పడానికి ఇంతకంటే వివరం అక్కర్లేదనుకుంటాను. టెక్కలి దగ్గర మా తాతగారికి ఉన్న కొబ్బరి తోటలూ, జీడి తోటలూ కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి ఎవరెవరివో అయిపోయాయి. నా వాటాకి వచ్చినవి నిటారుగా ఉండే వీపూ, "మనం ఎవరినీ అడగం, మనల్నే అడుగుతారు" అనే మా నాయనమ్మ మాటా. (మమ్మల్ని ఎవరైనా ఏదైనా అడిగి అప్పటికే చాలా ఏళ్ళయింది. ఆ సంగతి నాయనమ్మకి చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది.)

నాకు పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు ఉద్యోగం. ఆ ఉద్యోగంలో చేరిన ఏడాదే విశాఖపట్నంలో కాలేజీ స్నేహితుడొకడు ఊరు మారుతూ తన ఎర్ర ఎలక్ట్రిక్ గిటారు అమ్మేస్తుంటే కొనుక్కున్నాను. దానితో ఉండాల్సిన యాంప్లిఫయరుని వాడు అంతకుముందే ఇంకెవరికో అమ్మేశాడట. "ఫరవాలేదు, నేను మంచిది తెప్పించుకుంటాను" అన్నాను. తెప్పించుకునే స్తోమత లేదని ఆ క్షణంలో నాకూ తెలుసు, వాడికీ తెలుసు. యాంప్లిఫయరు లేని ఎలక్ట్రిక్ గిటారు ఎలా పలుకుతుందో వినని వాళ్ళ కోసం చెబుతున్నాను: గదిలో ఒక దోమ ఉండి, దానికి కొంచెం సంగీతం వచ్చి ఉంటే ఎలా ఉంటుందో అలా.

నాకు కావలసింది అరుపులూ గర్జనలూ కాదు. కడిగిన గాజు గ్లాసుని చెంచాతో తాకినట్టు, ఒక్కో తీగా విడివిడిగా, శుభ్రంగా వినపడాలి. అందుకోసం చెయ్యని పని లేదు. ఫోనుకి తగిలించే వైరొకటి తెప్పించి, ఫోన్లోనే యాంప్లిఫయరు బొమ్మ ఉన్న యాప్ పెట్టాను. బొమ్మ చాలా బాగుంది. శబ్దం మాత్రం నేను తీగ మీటిన తర్వాత, బండి వెళ్ళిపోయాక వినపడే స్టేషను అనౌన్సుమెంటులాగా వచ్చేది. తర్వాత హరిశ్చంద్రపురంలో మా అత్తయ్యగారింటికి వెళ్ళి, ఆవిడ భక్తి పాటలు వినే హోమ్ థియేటర్‌కి గిటారు తగిలించాను. మొదట గుయ్యిమంది, తర్వాత బుఫ్ఫుమంది, ఆ తర్వాత కాలిన వాసన వచ్చింది. "వోల్టేజీ ఎక్కువొచ్చినట్టుంది అత్తయ్యా" అన్నాను. పాపం ఆవిడ ఇప్పటికీ వోల్టేజీనే తిడుతుంది. చివరికి చెవుల్లో పెట్టుకునే హెడ్‌ఫోన్లతో కాస్త మంచి శబ్దమే వచ్చింది గానీ, అది నాకొక్కడికే వినపడేది. గొప్పంతా ఒక్కడే వింటే ఏం లాభం?

ఫ్యాక్టరీలో పప్పు మీద పొట్టు తీసే ఆడవాళ్ళకి ఈ సంగతులన్నీ ఎలా చేరేవో తెలీదు. "ఏటి బాబుగారూ, మీ గిటారు కరెంటుదంట గదా?" అని ఒకామె అడిగేది. "కరెంటుదేనే, గానీ ఆయనింటికింకా లైను రాలేదంట" అని పక్కామె అనేది. నేను వీపు ఇంకొంచెం నిటారుగా చేసుకుని, పప్పు గ్రేడు చూస్తున్నట్టు నటించేవాణ్ణి.

ఇలా ఉండగా, పెళ్ళిళ్ళకీ సంబరాలకీ పాటల ఆర్కెస్ట్రా నడిపే ఒకాయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. కీబోర్డు వాయిస్తాడు కాబట్టి అందరూ ఆయన్ని కీబోర్డు బావ అనేవారు. ఉద్దానం తీరంలో ఒక మత్స్యకారుల పల్లెలో అమ్మవారి సంబరం ఉందట, వాళ్ళ గిటారు కుర్రాడికి జ్వరమట.

"బావా, గిటారుంది సరే, సొంత యాంప్లిఫయరుందేటి? లేకపోతే ముందే సెప్పు, నాను వేరేవోణ్ణి సూసుకుంటాను."

"ఉంది" అన్నాను. ఎంత ధీమాగా అన్నానంటే, ఒక క్షణం నాకే అనుమానం వచ్చింది, ఇంట్లో ఎక్కడైనా ఉందేమోనని.

ఇక గతిలేక కాశీబుగ్గలో ఒక సందులో ఉన్న మైకు సెట్టు దుకాణానికి వెళ్ళాను. దాని యజమానిది సంబరం జరిగే ఆ పల్లే. మైకు పరీక్షించేటప్పుడు అదేపనిగా హలో హలో అంటాడని ఊరంతా హలో మావ అనేది. వాళ్ళ నాన్న ఒకప్పుడు మా తాతగారి తోటల్లో చెట్లెక్కి కొబ్బరికాయలు దింపేవాడు. నన్ను చూడగానే హలో మావ తన స్టూలు తుడిచి నాకు వేశాడు. నేను కూర్చున్నాను. నాకంటే పాతికేళ్ళు పెద్దాయన నిలబడి టంకం పెడుతుంటే, ఆ దుకాణంలో ఉన్న ఒకే ఒక్క స్టూలు మీద నేను కూర్చున్నాను. (అప్పుడు మనసులో 'వాడు' అనే అనుకున్నాను. 'ఆయన' అన్నది ఇప్పుడు, ఇది రాస్తున్నప్పుడు వచ్చిన మర్యాద.)

"గిటారుని నీ మైకు సెట్టుకి తగిలిస్తే పలుకుతుందా?" అని అడిగాను. అడిగాను అనకూడదు, విచారించాను.

"తిన్నగా తగిలిత్తే మూలుగుతాది బాబూ. తీగె వాయిద్యం గొంతు సన్నం. దాన్ని ఇంత పెద్ద మిషను ముందర ఒంటరిగా నిలబెట్టీత్తే బెదిరిపోద్ది. మజ్జిలో సెయ్యట్టుకుని నడిపించీవోడు ఒకడుండాలి" అని, బల్ల కింద నుంచి ఒక సబ్బు పెట్టె తీశాడు. నిజంగానే ప్లాస్టిక్ సబ్బు పెట్టె. లోపల చిన్న సర్క్యూటు, చదరపు బ్యాటరీ, అటొక రంధ్రం, ఇటొక రంధ్రం. తమ ఊరి భజన బృందంలో బెంజో వాయించే ముసలాయన కోసం తయారు చేశాడట. గిటారు వైరు అందులో పెట్టి, అందులోంచి మైకు సెట్టుకి కలిపాడు. గొట్టం స్పీకర్లు తీసేసి పెద్ద పెట్టె ఒక్కటే ఉంచాడు. "గొట్టంలోకి పంపితే గీపెడతాది బాబూ. మీరు కూడా గట్టిగా బాదకండి, గిటారు మీదున్న వాల్యూము ఓ పిసరు తగ్గించండి" అన్నాడు. చివరగా ఎకో మీట ఉప్పు వేసినంత తిప్పాడు.

మీటాను. మూడేళ్ళుగా నా తలలో మాత్రమే ఉన్న శబ్దం, ఆ ఇరుకు దుకాణంలో, కాలిన టంకం వాసనలో, నా ఎదురుగా వచ్చి నిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అలాంటప్పుడు మనిషన్నవాడు కృతజ్ఞత చెబుతాడు. నేను చెప్పింది ఇది: "చూడు, ఈ పెట్టె నీదని ఎవరికీ చెప్పకు. నా యాంప్లిఫయరు వేదిక వెనక ఉందని చెబుతాను."

హలో మావ ఒక్క క్షణం నా ముఖం చూసి, "అలగే బాబూ, ఈ మాట మన మజ్జినే ఉంటాది" అన్నాడు. పెట్టెని ఒక గుడ్డలో చుడుతూ, "ఈయేడు మా ఊరోలు నాకు తువ్వాల కప్పుతామన్నారు. ఇన్నేళ్ళ నుండీ సంబరానికి మైకు నాదే గదా. మాయమ్మకి సెప్పీసాను. ముందు వరసలో కూకుంటానంది" అన్నాడు. నేను శ్రుతి చేసుకుంటున్నాను. వినపడింది గానీ వినలేదు.

సంబరం రోజు పొద్దు వాలే వేళకి ఇసకలో వేసిన వేదిక మీద ఎక్కాం. సబ్బు పెట్టె నా కాళ్ళ దగ్గర గుడ్డ కింద ఉంది. ఆ సాయంత్రం గిటారు ఎలా పలికిందో నేను చెబితే సొంత డబ్బా అవుతుంది. వల బాగు చేసుకుంటున్న వాళ్ళు కూడా చేతులు ఆపి తలెత్తి చూశారని మాత్రం చెబుతాను. కీబోర్డు బావ పాటకీ పాటకీ మధ్య వంగి, "ఏటి బావా, యాంప్లిఫయరు ఎక్కడిది? ఫారిన్దా?" అన్నాడు. "పాత సరుకు" అన్నాను గంభీరంగా.

సగం పాటలయ్యాక ఊరి పెద్ద వేదిక ఎక్కి మైకు అందుకున్నాడు. చేతిలో మడతపెట్టిన కొత్త తువ్వాల, పసుపు అంచుది. "ఈయేడు సౌండు గంటలాగుంది. ఆ గిటారు ముక్కా ముక్కా ఇనిపించింది. ఇంత సక్కగా ఇనిపించినోడికి ఊరి తరపున తువ్వాల కప్పుతన్నాం" అంటూ మడత విప్పాడు.

ఇక్కడ మా వంశం గురించి ఒక మాట చెప్పాలి. మా తాతగారి కాలంలో ఆ చుట్టుపక్కల ఏ సంబరంలోనైనా మొదటి తువ్వాల మా ఇంటిదే. దేనికీ వంగని మా వీపులు తువ్వాల విప్పిన చప్పుడుకి మాత్రం మెడ దగ్గర వాటంతట అవే వంగుతాయి. నేను ఆలోచించి చేశానంటే కనీసం తెలివైన దొంగనని పేరొచ్చేది. ఆలోచించలేదు. ఊరి పెద్ద ఎవరి పేరూ పలికేలోపే గిటారుతో సహా రెండడుగులు ముందుకు వేసి, మెడ వంచి నిలబడ్డాను.

ఆయన ఆగిపోయాడు. మెడ వంచి ఉండటంతో నాకు వేదిక మెట్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ మెట్ల మీద, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, హలో మావ రెండు మెట్లు ఎక్కి ఉన్నాడు. మూడో మెట్టు మీద కాలు పెట్టబోయి నన్ను చూశాడు. ఆగాడు. ఆ పెట్టె తనదని ఒక్క మాట అంటే చాలు. నాకిచ్చిన మాట ఉంది కాబట్టి అనలేదు. మెల్లగా వంగి, మెట్టు పక్కనున్న వైరు ఒకటి అటునుంచి ఇటు జరిపాడు. జరపవలసిన అవసరం లేని వైరు అది. దాని కోసమే వచ్చినట్టు జరిపి, దిగిపోయాడు. పెద్దాయన ఇంకేం చేస్తాడు? ఉన్నది ఒకటే తువ్వాల. నాకు కప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఒక ముసలామె మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని, మెట్ల వైపే చూస్తోంది.

ఆ తర్వాత వాయించిన పాటలేవీ నాకు గుర్తులేవు.

మర్నాడు తువ్వాల కాగితంలో చుట్టుకుని కాశీబుగ్గ వెళ్ళాను. స్టూలు వేశాడు, ఈసారి కూర్చోలేదు. "ఇది నీది" అని పొట్లం ఇచ్చాను. విప్పి చూసి, అంచు తడిమి, మళ్ళీ మడిచి నా చేతిలోనే పెట్టాడు.

"కొట్లోన ఇత్తే ఇది గుడ్డ బాబూ. నలుగుర్లో కప్పితేనే తువ్వాల. మీరట్టుకెళ్ళండి."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నా వీపుకి కాస్త పని దొరికేది.

ఏడాదంతా ఒక వాక్యం తయారు చేసుకున్నాను. మరుసటి సంబరంలో అందరి ముందూ చెప్పెయ్యాలి: పోయినేడు నేను కప్పించుకున్న తువ్వాల నాది కాదు, నాకు యాంప్లిఫయరే లేదు, ఆ శబ్దం ఈయన చేతిది. మూలపేట వైపు వెళ్ళే బస్సులో కూడా పెదాలు కదుపుతూ అదే వల్లించాను. తీరా వెళ్ళి చూస్తే ఊరి కుర్రాళ్ళు ఎక్కడినుంచో డీజే పెట్టెలు తెప్పించారు, కొబ్బరి చెట్టు మొదలంత పెట్టెలు. హలో మావ మైకు సెట్టు ఆ ఏడు లేదు. ఆయన మామూలు లుంగీతో, వాళ్ళమ్మ పక్కన ఇసకలో కూర్చుని ఉన్నాడు.

అయినా వేదిక ఎక్కాను. మైకు ముందు నిలబడ్డాను. ఆ వాక్యంలో ఒక్క ముక్క రాలేదు. ఎదురుగా ఆ తల్లీకొడుకులు కనిపించేసరికి సిగ్గుతో తల దించుకున్నాను. మావాళ్ళు సిగ్గుతో తల దించుకోవడం ఎవరూ చూసి ఉండరు కదా. ఊరి పెద్ద అది తువ్వాల కోసం వంచిన మెడ అనుకున్నాడు. "బాబుగారు మళ్ళీ వచ్చారు, సంతోషం" అంటూ ఇంకో తువ్వాల తెచ్చి కప్పేశాడు.

జనం చప్పట్లు కొట్టారు. రెండో తువ్వాల! భూమి చీలిపోయేంత సిగ్గు వేసింది. ఆ సిగ్గే నన్ను మెట్లు దింపింది. ఇసకలో నడిచి వెళ్ళి, హలో మావ ముందు నిలబడి, భుజం మీదది తీశాను. ఆయన కంగారుగా లేచాడు. "ఏటి బాబూ ఇది, నలుగురూ సూత్తన్నారు" అన్నాడు. "సూడాలనే" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "పోయినేడు ఆ సౌండు మీది. ఆ పెట్టె మీది. నా దగ్గర యాంప్లిఫయరు లేదు, ఎప్పుడూ లేదు." మైకు లేకపోయినా నాలుగు వరసల దాకా వినపడేలాగే అరిచాను. వెనక నుంచి ఒక మత్స్యకారుడు, "ఆ ముక్క మాకు పోయినేడే తెలుసు బాబూ! గుడ్డ కింద సబ్బు పెట్టె పిల్లలంతా సూసీసారు" అన్నాడు. నవ్వులు. ఏడాది పాటు ఊరు ఊరంతా నా పరువుని తమ దగ్గర దాచిపెట్టి, నాకు చెప్పకుండా ఊరుకుందన్నమాట.

తువ్వాల కప్పాను. హలో మావకి మెడ వంచడం రాలేదు, కట్టెలాగా నిలబడిపోయాడు. ఇంతలో వాళ్ళమ్మ నా లాల్చీ అంచు పట్టుకుని లాగింది. చెప్పు ఇసకలో కూరుకుపోతే అంతసేపూ వెతుక్కుంటూ ఉండిపోయిందట.

"బాబూ, మళ్ళీ ఓపాలి కప్పండి. నాను సూళ్ళేదు."

తీసి మళ్ళీ కప్పాను. ఈసారి నెమ్మదిగా, ఆవిడ చూస్తుండగా.

ఇప్పుడు నా దగ్గర చిన్న యాంప్లిఫయరు ఉంది. అయినా ఎందుకో ఆ సబ్బు పెట్టె శబ్దం రాదు. అప్పటి నేను, ఆ కుర్రాడు, గుర్తొచ్చినప్పుడల్లా, వేదిక మీద మెడ వంచి నిలబడ్డవాడి భుజం తట్టి, "ఒరే, ఆ మెట్ల వైపు చూడు, ఆయన వస్తున్నాడు" అని చెవిలో చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వింటాడనుకోను. వినాలంటే ముందు వాణ్ణి 'బాబుగారూ' అని పిలవాలి.