గ్రేసమ్మ నాయన మీద మొలిచిన గడ్డి

తిరుపతికి ఇంత దగ్గరలో ఉండి గుండు చూసి ఆశ్చర్యపోకూడదు గానీ, చంద్రగిరి అవతలి మా గుట్టకు గుండు చేసింది కల్యాణకట్ట కత్తి కాదు, చిన్నబ్బ గొర్రెలు. మిగతా కాపరుల మందలకూ ఆ పుణ్యంలో వాటా ఉంది. అయితే తాతల నాటి నుంచీ ముందు నడిచింది చిన్నబ్బవాళ్ల మంద కాబట్టి, కీర్తంతా ఆయనకే దక్కింది.

గుట్ట మీద రాళ్లు తప్ప ఏమీ మిగలక, గొర్రెలు మేతకు పొరుగూరి దాకా నడవాల్సి వచ్చిన ఏడు ఆయనకు జ్ఞానోదయమైంది. ఒక పక్కన ముళ్లకంచె వేసి, పాతకాలపు గుట్టగడ్డి మళ్లీ చల్లుదామని తోటి కాపరులను కూర్చోబెట్టి చెప్పాడు.

"ఇత్తనం యాడుండాదబ్బా?" అన్నాడు వాళ్లలో పెద్దవాడైన సుందరరాజు. "గడ్డే లేకపాయె."

"ఉండాది. నేను తెస్తా."

"ముంగారు వానకు తేకపోతే కంచె పీకేస్తాం. సెప్పలేదనొద్దు."

ఆ గడ్డి మిగిలింది ఒక్క చోటే, క్రైస్తవుల సమాధుల తోటలో. చిన్నబ్బ గొర్రెల బాధ పడలేకే జయరావు అనే పెద్దాయన సంఘంతో పోట్లాడి దాని చుట్టూ గోడ కట్టించాడు. ఇప్పుడు ఆయన కూడా ఆ గోడ లోపలే ఉన్నాడు. తోటలోకెల్లా దట్టమైన గడ్డి ఆయన మీదే మొలిచింది.

చిక్కల్లా పండగతోనే వచ్చింది. నవంబరు రెండున సమాధుల పండగ. ఆలోగా ప్రతి ఇంటివాళ్లూ తమవాళ్ల సమాధి మీది గడ్డి కోసి సున్నం కొడతారు. గడ్డి ఉంటే దిక్కులేని సమాధి అని లెక్క. గింజ పండేదేమో పండగ దాటాక. చిన్నబ్బ వెళ్లేసరికి కొడవళ్లు చాలావరకు పని కానిచ్చాయి. జయరావు కూతురు గ్రేసమ్మ అప్పుడే చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంటోంది.

"గ్రేసమ్మా, అది కొయ్యొద్దు. పది దినాలు ఆగు."

"ఎందుకు? నీ గొర్రెలకు విందా?"

"గొర్రెలకు కాదు, గుట్టకు." సంగతంతా చెప్పాడు.

"పండగనాడు నలుగురూ సూసి, కూతురు బతికుండాదా సచ్చిందా అనరా?"

"అంటారు," అని ఒప్పుకున్నాడు చిన్నబ్బ.

"మా నాయన నిన్ను ఎన్ని తిట్లు తిట్నాడో గుర్తుండాదా?"

"అన్నీ ఉండాయి. గొర్రెల మీద నేనూ అవే వాడతాండా."

గ్రేసమ్మ నవ్వలేదు. కొడవలిని మాత్రం బుట్టలో వేసుకుని ఇంటికి వెళ్లిపోయింది.

పండగ సాయంత్రం తోటంతా తెల్లటి సున్నం, బంతిపూలు, కొవ్వొత్తులు. మధ్యలో జయరావు ఒక్కడే గడ్డం పెంచిన పెద్దమనిషిలా ఉన్నాడు. గడ్డి అంటుకోకుండా కొవ్వొత్తిని నూనె డబ్బాలో నిలబెట్టి, గ్రేసమ్మ పక్కనే నిలుచుంది.

"ఏం గ్రేసమ్మా, కొడవలి అమ్ముకున్యావా?" అంది ఆమె వదిన జెస్సీ, అందరికీ వినపడేలా.

"మా నాయనకు సలి. కప్పుకోనీ వదినా."

ఆ తర్వాత అడిగినవాళ్లకూ, అడగకుండా చూసి పోయినవాళ్లకూ అదే జవాబు. డబ్బాలో కొవ్వొత్తి ఆరేదాకా ఆమె తల దించలేదు.

గింజ పండాక చిన్నబ్బ కంబళి కప్పుకొని వచ్చాడు. ఆ గింజకు సన్నటి మీసం ఉంటుంది. పండితే ఉన్నిని పట్టుకుంటుంది, పచ్చిదైతే పట్టుకోదు. గొర్రెల బొచ్చులోంచి దాన్ని ఏరి పారేస్తూ ఆయన జీవితంలో సగం గడిచింది. ఇప్పుడు తానే గొర్రె అయి, గడ్డిని ఒరుసుకుంటూ జయరావు చుట్టూ తిరిగాడు. తనను తరిమినవాడికి ఇంత భక్తిగా ప్రదక్షిణ చేసిన కాపరి జిల్లాలో మరొకడు ఉండడు. గ్రేసమ్మ గోడ నీడలో కూర్చుని కంబళిలోంచి గింజలు ఏరింది. పొద్దు వాలేసరికి సగం గోతాం అయింది.

తొలకరికి ఆ సగం గోతాం చూసి సుందరరాజు పెదవి విరిచాడు గానీ, కంచె జోలికి పోలేదు. గింజలను పేడమట్టిలో కలిపి అందరూ కలిసే చల్లారు. మొలిచింది అక్కడక్కడే. కంచె బయట నిలబడి ఆశగా చూసే గొర్రెలను చిన్నబ్బ జయరావు తిట్లతోనే తరిమాడు.

మళ్లీ పండగ దగ్గరపడ్డాక గ్రేసమ్మ తోటకు వెళ్లేసరికి, ఆమె నాయన సమాధి దగ్గర చిన్నబ్బ కొడవలితో వంగి ఉన్నాడు.

"ఈ తూరి గుట్ట మీదనే కొంచెం గింజ పడతాది. నాయన్ని నున్నగా సేసేస్తా సూడు."

గ్రేసమ్మ సమాధి తలవైపు వేలు చూపింది.

"తలకాడ ఒక కుదురు ఉండనీ," అంది. "అలవాటు పడినాడు."